అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ చదువుతున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, అమెరికాలో హైస్కూలు ముగిస్తున్న పిల్లలున్న తెలుగు కుటుంబాలు అడిగే ప్రశ్నలివి. సీటు ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. సీటు వచ్చాక నాలుగేళ్లూ ఏం చదవాలి, ఏ వరసలో చదవాలి, ఎక్కడ పొరపాటు పడితే సరిదిద్దుకోవడం కష్టం అన్నది చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ రాశాం.

లిబరల్ ఆర్ట్స్ అంటే సాహిత్యం, బొమ్మలు, సంగీతమేనా? సైన్స్ ఉండదా?

ఉంటుంది, గట్టిగానే ఉంటుంది. మాటలో ‘ఆర్ట్స్’ ఉండటంతో మన ఇంటర్ ఆర్ట్స్ గ్రూపు గుర్తొస్తుంది కానీ రెంటికీ సంబంధం లేదు. మధ్యయుగపు యూరప్‌లో లిబరల్ ఆర్ట్స్ అంటే ఏడు విద్యలు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం. అప్పటి లెక్కలో చివరి నాలుగూ గణితశాఖలే. ఇప్పుడు ఈ కాలేజీల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్ అన్నీ పూర్తిస్థాయి మేజర్లు, అంటే పట్టాకు ప్రధానంగా తీసుకునే సబ్జెక్టులు. 2020లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ పమోనా కాలేజీలో చదివారు. 1989 కెమిస్ట్రీ నోబెల్ గ్రహీత థామస్ చెక్‌ది గ్రిన్నెల్ కాలేజీ, 2006 ఫిజిక్స్ నోబెల్ గ్రహీత జాన్ మాథర్‌ది స్వార్త్‌మోర్.

ఇవి చిన్న కాలేజీలు. చాలావాటిలో నాలుగేళ్లూ కలిపి 1,500 నుంచి 2,500 మంది విద్యార్థులుంటారు. పీహెచ్‌డీ విద్యార్థులు దాదాపు ఉండరు గనుక పాఠం చెప్పేదీ పేపర్లు దిద్దేదీ ప్రొఫెసరే. ల్యాబులో ప్రొఫెసర్‌కు చేతికింద మనిషి కావాలంటే డిగ్రీ పిల్లలే దిక్కు. సైన్స్ పిల్లలకు దక్కే అసలు లాభం అదే.

మన డిగ్రీ కాలేజీకీ దీనికీ తేడా ఏమిటి?

మన దగ్గర ఎంత పాత కాలేజీ అయినా, 1885లో మొదలైన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల లాంటిదైనా, మామూలుగా ఒక యూనివర్సిటీకి అనుబంధంగా నడుస్తుంది. అటానమస్ కాలేజీలను పక్కన పెడితే సిలబస్, ప్రశ్నపత్రం, వాల్యుయేషన్, పట్టా అన్నీ యూనివర్సిటీవే. అక్కడ కాలేజీ తన పట్టా తానే ఇస్తుంది. కోర్సులో ఏం చెప్పాలి, ఎలా పరీక్షించాలి, ఎంత గ్రేడు వేయాలి అన్నది పాఠం చెప్పే మనిషే తేలుస్తారు.

దీని పర్యవసానాలు మొదటి వారంలోనే తెలుస్తాయి. గైడు ఉండదు. పాత ప్రశ్నపత్రాల కట్ట ఉండదు. ‘ఇంపార్టెంట్ క్వశ్చన్లు’ ఎవరూ చెప్పరు. మొదటి రోజు చేతికిచ్చే సిలబస్ ఆరు నుంచి పది పేజీల కాగితం. ఏ తేదీకి ఏ పేజీలు చదివి రావాలి, ఏ పేపర్ ఎప్పుడివ్వాలి, ఒకరోజు ఆలస్యమైతే గ్రేడు ఎంత తగ్గుతుంది, క్లాసులో మాట్లాడినందుకు ఎంత శాతం అన్నీ అందులో ఉంటాయి. మన పిల్లలు దాన్ని టెక్స్ట్‌బుక్ ముందుమాటలా పక్కన పడేస్తారు. అది ఒప్పందపత్రం. ఆ రోజు సాయంత్రమే నాలుగు కోర్సుల సిలబస్‌లూ ముందేసుకుని గడువులన్నీ ఒకే క్యాలెండర్‌లోకి ఎక్కించాలి. అక్టోబరు మధ్యలో మూడు గడువులు ఒకే వారంలో పడుతున్నాయని సెప్టెంబరు మొదట్లోనే తెలిస్తే ఏదైనా చేయొచ్చు. ముందు రోజు రాత్రి తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

మొత్తం ఎన్ని కోర్సులు చదవాలి? ఎలా పంచుకోవాలి?

సెమిస్టర్‌కు నాలుగు, ఎనిమిది సెమిస్టర్లకు 32 కోర్సులు అన్నది బాగా వాడుకలో ఉన్న లెక్క. ఆమ్‌హెర్స్ట్, విలియమ్స్, బోడిన్, పమోనా ఈ లెక్కనే నడుస్తాయి. విలియమ్స్‌లో దీనికి తోడు ప్రతి జనవరిలో ‘వింటర్ స్టడీ’ అని ఒక చిన్న కోర్సు ఉంటుంది. కొన్నిచోట్ల క్రెడిట్లలో లెక్కిస్తారు, గ్రిన్నెల్‌లో 124. కార్ల్‌టన్‌లో ఏడాదికి మూడు టర్ములు, టర్ముకు మూడు కోర్సులు.

32లో మేజర్‌కు 10 నుంచి 12 పోతాయి. ‘డిస్ట్రిబ్యూషన్’ అనే కాలేజీ నియమాలు తీర్చడానికి మరో 8 నుంచి 10. మిగతావి మీ ఇష్టం. చాలామంది ఆ మిగిలినవాటిని తేలిక గ్రేడుల కోసం వాడేస్తారు. మా అభిప్రాయంలో ఈ డిగ్రీ విలువలో సగం అక్కడే ఉంది. ఎకనామిక్స్ పిల్ల రెండు స్టాటిస్టిక్స్ కోర్సులు, ఒక న్యాయచరిత్ర కోర్సు, ఒక రచనా కోర్సు తీసుకుంటే నాలుగేళ్ల తరవాత ఆమె ఆ ఎకనామిక్స్‌తో చేయగల పనే మారిపోతుంది.

ఈ డిస్ట్రిబ్యూషన్ నియమాలు ఏమిటి?

ఏ విద్యార్థీ ఒకే మూల కూర్చోకుండా కాలేజీ పెట్టే నిబంధనలు. మామూలుగా హ్యుమానిటీస్, సోషల్ సైన్స్, సైన్స్ అనే మూడు విభాగాల్లో తలా రెండుమూడు కోర్సులు, దానికి తోడు రచన మీద దృష్టి పెట్టే ‘రైటింగ్ ఇంటెన్సివ్’ కోర్సు, లెక్కలకు సంబంధించిన కోర్సు, ఒక విదేశీ భాష. మొదటి సెమిస్టర్‌లో పదిహేను మంది లోపు కూర్చునే ఫస్ట్ ఇయర్ సెమినార్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది.

ఎక్కువమంది కాలు జారేది భాష దగ్గర. భాషా నియమం ఉన్నచోట అది ఒక కోర్సుతో తీరదు, రెండు మూడు సెమిస్టర్లు వరసగా చదవాలి. మొదటి స్థాయి చాలాచోట్ల ఆగస్టులోనే మొదలవుతుంది, జనవరిలో ఉండదు. మూడో ఏడాది దాకా వాయిదా వేస్తే ఆఖరి సెమిస్టర్‌లో థీసిస్ (ఆఖరి ఏడాది రాసే పరిశోధన వ్యాసం) పక్కన ఫ్రెంచి క్రియారూపాలు వల్లె వేయాల్సి వస్తుంది. ఇంకొకటి వ్యాయామం. కొన్ని కాలేజీలు పీఈ కూడా పట్టాకు తప్పనిసరి చేశాయి. ఎవరూ పట్టించుకోని ఆ గడి ఆఖరి ఏడాది ఖాళీగా కనిపిస్తుంది.

తెలుగు వస్తే భాషా నియమం తీరినట్టేనా?

కొన్ని కాలేజీలు తీరినట్టే ఒప్పుకుంటాయి. తెలుగు మీడియంలో చదివిన స్కూలు రికార్డు ఉంటే పని సులువు. ఇంగ్లిష్ మీడియంలో చదివి తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా ఉన్నవాళ్లు ఆ మార్కుల మెమోలు చూపించి రిజిస్ట్రార్‌ను అడగాలి. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలకు ఇంట్లో మాట్లాడటం ఒక్కటే సరిపోదు, చదవడం రాయడం పరీక్షిస్తారు. చిన్న కాలేజీలో తెలుగు పరీక్ష పెట్టేవాళ్లు ఉండరు కాబట్టి తెలుగు బోధించిన విస్కాన్సిన్-మాడిసన్ లాంటి పెద్ద యూనివర్సిటీ నుంచి పరీక్షకులను వెతకాల్సి వస్తుంది, దానికి నెలలు పడుతుంది. అడిగేది మొదటి సెమిస్టర్‌లోనే అడగండి.

మేజర్ ఎప్పుడు ఎంచుకోవాలి? ముందే బ్రాంచి రాసిచ్చెయ్యాలా?

అక్కర్లేదు. దరఖాస్తులో రాసేది ఆసక్తి మాత్రమే. రెండో ఏడాది రెండో సెమిస్టర్‌లో మేజర్ ప్రకటించడం ఎక్కువచోట్ల రివాజు. ర్యాంకును బట్టి బ్రాంచి వచ్చే పద్ధతికి అలవాటుపడ్డ మనకు ఇది నమ్మబుద్ధి కాదు.

అయితే ‘రెండేళ్లు ఆలోచించుకోవచ్చు’ అన్న మాట అన్ని సబ్జెక్టులకూ వర్తించదు. చరిత్ర, రాజనీతిశాస్త్రం, ఇంగ్లిష్, ఆంత్రోపాలజీలను రెండో ఏడాది చివర మొదలుపెట్టినా మేజర్ పూర్తవుతుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంజినీరింగ్ అలా కాదు, అవి మెట్ల మీద మెట్లు. ఫిజిక్స్ చూడండి. మొదటి సెమిస్టర్‌లో మెకానిక్స్‌తోపాటు కాలిక్యులస్, రెండోదానిలో విద్యుదయస్కాంతత్వం, మూడోదానిలో మోడరన్ ఫిజిక్స్, ఆ తరవాత గణిత పద్ధతులు, పై స్థాయి మెకానిక్స్, క్వాంటం, థర్మల్ ఫిజిక్స్. ఒకదాన్ని దాటకుండా రెండోదానిలోకి రానివ్వరు. మెకానిక్స్ మొదటి ఏడాది వదిలేసినవాడు రెండో ఏడాది మొదలుపెడితే ఆఖరి ఏడాదిలో క్వాంటం, ల్యాబు, థీసిస్, పీహెచ్‌డీ దరఖాస్తులు నాలుగూ ఒకేసారి నెత్తిన పడతాయి.

కెమిస్ట్రీలో జనరల్, ఆర్గానిక్ రెండు సెమిస్టర్లు, ఫిజికల్ అన్నది గొలుసు. కంప్యూటర్ సైన్స్‌లో ఇంట్రో, డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, ఆపైన అల్గారిథమ్స్, సిస్టమ్స్. పైగా సీఎస్ క్లాసులు నిండిపోతాయి, మేజర్ ప్రకటించినవాళ్లకే ముందు సీటు. ఎకనామిక్స్‌లో ఇంట్రో అయ్యాక మైక్రో థియరీ, మాక్రో థియరీ, ఎకనమెట్రిక్స్ అనే మూడు స్తంభాలు. వీటికి కాలిక్యులస్ అవసరం. అందుకని మా సలహా ఒకటే: ఫిజిక్సో సీఎసో కావచ్చని పది శాతం అనుమానం ఉన్నా మొదటి సెమిస్టర్‌లోనే కాలిక్యులస్, ఆ సబ్జెక్టు మొదటి మెట్టు తీసుకోండి. తరవాత వద్దనుకుంటే నష్టం లేదు, అవి సైన్స్ నియమం కింద జమ అవుతాయి. ముందు వద్దనుకుని తరవాత కావాలనుకుంటే మాత్రం ఏడాది పోతుంది.

కేటలాగులో ఉన్న కోర్సు ఏడాదిలో కనిపించదేం?

చిన్న కాలేజీ గురించి ముందే తెలుసుకోవలసిన విషయాల్లో ఇది మొదటిది. ఒక డిపార్ట్‌మెంటులో నలుగురో అయిదుగురో ప్రొఫెసర్లుంటారు. పై స్థాయి కోర్సులు చాలావరకు ఏడాది విడిచి ఏడాది నడుస్తాయి. అందులో ఒకరు సబాటికల్ అనే పరిశోధన సెలవు మీద వెళ్తే ఆ మనిషి మాత్రమే చెప్పే కోర్సు మూడేళ్లకోసారి వస్తుంది. కేటలాగు మాత్రం అన్నిటినీ వరసగా అచ్చేస్తుంది.

దీనికి తోడు మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ విదేశం వెళ్లి చదవడం అక్కడ బాగా అలవాటు. మీరు ఎడిన్‌బరోలో ఉన్న సెమిస్టర్‌లోనే ఇక్కడ రియల్ అనాలిసిస్ నడిచి, మళ్లీ మీరు పట్టా తీసుకున్నాక వస్తే మ్యాథ్స్ పీహెచ్‌డీ ఆలోచన దెబ్బతింటుంది. రెండో ఏడాది మొదట్లో డిపార్ట్‌మెంట్ అధిపతి దగ్గరికి వెళ్లి ‘రాబోయే మూడేళ్లలో ఏ పై కోర్సు ఎప్పుడు?’ అని అడగండి. చాలా డిపార్ట్‌మెంట్ల దగ్గర ఆ పట్టిక ఉంటుంది, బయట పెట్టరంతే. దాన్ని బట్టే విదేశీ సెమిస్టర్ శరదృతువులోనా వసంతంలోనా అన్నది తేల్చుకోండి.

పక్క కాలేజీల్లో చదివే ఏర్పాటు ఉంటే ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది. క్లేర్‌మాంట్‌లో పమోనా, స్క్రిప్స్, క్లేర్‌మాంట్ మెకెన్నా, హార్వే మడ్, పిట్జర్ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, నడిచే దూరం. ఆమ్‌హెర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్ పిల్లలు మాసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హెర్స్ట్ క్యాంపస్‌లో కూడా కోర్సులు తీసుకోవచ్చు, మధ్యలో బస్సులు తిరుగుతాయి.

వారానికి పన్నెండు గంటలే క్లాసులట, మిగతా టైమంతా ఖాళీయేనా?

ఒక్కో కోర్సు వారానికి 50 నిమిషాల చొప్పున మూడుసార్లో, 75 నిమిషాల చొప్పున రెండుసార్లో ఉంటుంది. సైన్స్‌కు పైన మూడు గంటల ల్యాబు. క్లాసు గంటకు బయట రెండు మూడు గంటల పని ఉంటుందన్నది వాళ్ల లెక్క, ఆ లెక్క నిజమే. హ్యుమానిటీస్ సెమినార్‌కు ఒక క్లాసుకు 60 నుంచి 100 పేజీల చదువు మామూలు. ఎనిమిది గంటల క్లాసు, ఆపైన స్టడీ అవర్లు చూసినవాళ్లకు మొదటి మూడు వారాలు సెలవుల్లా ఉంటాయి. నాలుగో వారంలో లెక్క తేలుతుంది.

మొదటి సెమిస్టర్‌లో మన పిల్లలు ఎక్కడ దెబ్బతింటారు?

మ్యాథ్స్‌లో కాదు, రాయడంలో. అయిదు పేజీల పేపర్ అంటే డబుల్ స్పేస్‌లో ఇంచుమించు 1,300 నుంచి 1,500 మాటలు. భాష తప్పుల వల్ల గ్రేడు పోవడం తక్కువ. వాదన లేకపోవడం వల్ల పోతుంది.

ఒక ఉదాహరణ. చరిత్ర కోర్సులో ప్రశ్న: ‘1930 ఉద్యమానికి ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారు?’ మన పిల్లవాడి మొదటి పేరా ఇలా మొదలవుతుంది: ‘మనిషి జీవితంలో ఉప్పు ఎంతో ముఖ్యమైనది. ప్రాచీన కాలం నుంచి ఉప్పును అందరూ వాడుతున్నారు.’ ఇంటర్ జవాబుపత్రంలో దీనికి మార్కులు పడతాయి. ఇక్కడ మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ‘ఇది అందరికీ తెలుసు. నువ్వు చెప్పేదేమిటి?’ అని రాసి ఉంటుంది. తిరగరాశాక అదే పేరా: ‘భూమిశిస్తు భూమి ఉన్నవాడికే తగులుతుంది, ఉప్పు పన్ను కూలీకీ కామందుకీ ఇద్దరికీ తగులుతుంది. శిస్తు మీద ఉద్యమం గ్రామాన్ని చీల్చే ప్రమాదముంది, ఉప్పుకు ఆ ప్రమాదం లేదు.’ ఇప్పుడు దీన్ని ఎవరైనా కాదనవచ్చు. కాదనగలిగిన మాటయితేనే దాన్ని నిలబెట్టడానికి అయిదు పేజీలు కావాలి. ప్రతి పేపర్‌కూ ముందు ఆ ఒక్క వాక్యం రాసి ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు, అంటే విద్యార్థులను కలవడానికి కేటాయించిన గంటలకు, తీసుకెళ్లండి. పది నిమిషాల మాటతో రెండు రాత్రుల పని మిగులుతుంది. ఆఫీస్ అవర్స్‌కు వెళ్లడమంటే వెనకబడ్డట్టు అనుకుని మనవాళ్లు వెళ్లరు. నిజానికి క్లాసులో ముందున్నవాళ్లే అక్కడ ఎక్కువ కనిపిస్తారు.

రెండో దెబ్బ కాపీ ఆరోపణ. పుస్తకంలో వాక్యం బట్టీపట్టి అలాగే దించడం మన దగ్గర ప్రతిభ, అక్కడ నేరం. వాక్యం మీది కాకపోతే కొటేషన్ గుర్తులు, ఆలోచన మీది కాకపోతే ఎవరిదో చెప్పడం, ఈ రెండూ తప్పనిసరి. హావర్‌ఫర్డ్ లాంటి కాలేజీల్లో పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ కూడా ఉండడు. కాపీ కొట్టబోమని విద్యార్థులు ఒప్పుకునే ఆనర్ కోడ్ మీదే పరీక్షలు నడుస్తాయి. ఆ నమ్మకాన్ని పోగొట్టుకుంటే ఒక సెమిస్టర్ సస్పెన్షన్ దాకా వెళ్లొచ్చు, వీసా విద్యార్థికి అంటే ఇంటికి తిరిగి రావడమే.

ఫిజిక్స్ చదివితే బీఏ ఇస్తారట. దానికి విలువ ఉంటుందా?

ఉంటుంది. ఆమ్‌హెర్స్ట్, విలియమ్స్ అన్ని మేజర్లకూ బీఏనే ఇస్తాయి. స్వార్త్‌మోర్‌లో ఇంజినీరింగ్‌కు మాత్రమే బీఎస్. పీహెచ్‌డీ కమిటీలు, కంపెనీలు చూసేది ట్రాన్‌స్క్రిప్ట్‌లో (కోర్సులు, గ్రేడుల పట్టికలో) ఉన్న కోర్సులను.

ఇంజినీరింగ్ చదవొచ్చా?

మూడు దారులున్నాయి. స్వార్త్‌మోర్, స్మిత్, హార్వే మడ్ లాంటి కొద్ది కాలేజీల్లో అబెట్ (ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపిచ్చే సంస్థ) గుర్తింపున్న ఇంజినీరింగ్ అక్కడే ఉంది. రెండోది 3-2 పద్ధతి. మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు కొలంబియా, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ లాంటి చోట, రెండు పట్టాలు. కాగితం మీద అందంగా ఉంటుంది కానీ ఆచరణలో తక్కువమందే వెళ్తారు. అయిదేళ్ల ఖర్చు, మూడేళ్లకే స్నేహితులనూ ప్రొఫెసర్లనూ వదిలిపోవడం, రెండో చోట విదేశీ విద్యార్థికి ఆర్థికసాయం దొరక్కపోవడం కారణాలు. మొదటి రెండేళ్లలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ గొలుసులు ఒక్కటీ తెగకూడదు కూడా. మూడోది ఫిజిక్సో మ్యాథ్సో సీఎసో మేజర్ చేసి ఎంఎస్ ఇంజినీరింగ్‌కు వెళ్లడం. మొదటి రోజు నుంచే సివిల్‌, మెకానికల్‌ కావాలనుకునే పిల్లలకు మాత్రం ఈ కాలేజీలు సరైన చోటు కాదు, సూటిగా చెప్పాలంటే.

ప్రీమెడ్ ఒక మేజరా?

కాదు, మెడికల్ కాలేజీలో చేరాలంటే ముందు చదవాల్సిన కోర్సుల జాబితా. ల్యాబుతో సహా బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ తలా రెండు సెమిస్టర్లు, బయోకెమిస్ట్రీ, ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్. మేజర్ ఏదైనా కావచ్చు. బైపీసీ చదివి ఇండియా నుంచి వెళ్లే పిల్లలు ఒక్క సంగతి ముందే తెలుసుకోవాలి: అమెరికా మెడికల్ కాలేజీల్లో విదేశీ పౌరులను తీసుకునేవి తక్కువ, తీసుకున్నా సీట్లు తక్కువ. డాక్టరు కావడమొక్కటే లక్ష్యమైతే ఈ దారి పట్టకండి.

డబుల్ మేజర్ చేస్తే మంచిదా?

రెండు సబ్జెక్టులూ నిజంగా కావాలంటే చేయండి, రెజ్యూమె కోసమైతే వద్దు. రెండు మేజర్లకు 20కి పైగా కోర్సులు పోతాయి. రెండింటికీ ఉమ్మడిగా లెక్కపెట్టగల కోర్సులకు పరిమితి ఉంటుంది. కొన్నిచోట్ల రెండు ఆఖరి ఏడాది ప్రాజెక్టులు చేయాలి. ఎకనామిక్స్‌కు తోడుగా మ్యాథ్స్‌లో అయిదారు కోర్సులుంటే చాలు, దానికి రెండో మేజర్ పేరు అక్కర్లేదు. ఒక్క మినహాయింపు ఉంది, వీసా ప్రశ్న దగ్గర చెప్తాం.

అన్ని లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లోనూ ఇదే పద్ధతా?

కాదు, ఒక్కొక్కటీ ఒక్కో తీరు. ఆమ్‌హెర్స్ట్, గ్రిన్నెల్‌లలో మొదటి ఏడాది సెమినార్ తప్ప కాలేజీ పెట్టే నియమం ఇంకోటి లేదు, మేజర్ పోగా మిగతాదంతా విద్యార్థి చేతిలోనే. దీనికి పూర్తిగా ఎదురు చివర సెయింట్ జాన్స్ కాలేజీ. అనాపొలిస్‌లో, శాంటా ఫేలో రెండు క్యాంపస్‌లు. 1937 నుంచి అక్కడ మేజర్లు లేవు, డిపార్ట్‌మెంట్లు లేవు. అందరూ ఒకే చదువు చదువుతారు. మొదటి ఏడాది యూక్లిడ్ సిద్ధాంతాలను విద్యార్థులే బోర్డు మీద రుజువు చేయాలి. గ్రీకు, తరవాత ఫ్రెంచి నేర్చుకోవాలి. బోధించేవాళ్లను ప్రొఫెసర్లనరు, ట్యూటర్లంటారు. పూర్వం మన దగ్గర గురువు ఎదుట కూర్చుని మూలగ్రంథాన్ని పంక్తి పంక్తిగా చదివిన పద్ధతి తెలిసినవాళ్లకు అది పరాయిగా అనిపించదు.

కొలరాడో కాలేజీలో 1970 నుంచి బ్లాక్ ప్లాన్. మూడున్నర వారాల పాటు ఒకే కోర్సు, అది అయ్యాక ఇంకొకటి. ఒకే విషయంలో మునిగిపోయే పిల్లలకు బాగుంటుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ లాంటివి నాన్చి నాన్చి ఒంటపట్టించుకునేవాళ్లకు ఊపిరాడదు, నాలుగు రోజులు జ్వరం వస్తే కోర్సులో పెద్ద ముక్క పోయినట్టే. రీడ్‌లో పేపర్ల మీద వ్యాఖ్యలే ఉంటాయి, గ్రేడు రాయరు. గ్రేడు రికార్డులో ఉంటుంది, అడిగితే చెప్తారు. విలియమ్స్ ట్యుటోరియల్‌లో ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్. ఒక వారం ఒకరు పేపర్ రాస్తే రెండోవారు దాన్ని విమర్శిస్తారు, మరుసటి వారం తారుమారు. చదవకుండా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడానికి అక్కడ వెనక బెంచీ లేదు.

ఆఖరి ఏడాది థీసిస్ తప్పనిసరా?

రీడ్‌లో అందరికీ తప్పనిసరి, మూడో ఏడాదిలో డిపార్ట్‌మెంట్ పెట్టే అర్హత పరీక్ష దాటితేనే ఆఖరి ఏడాదిలోకి. వూస్టర్‌లో కూడా ప్రతి విద్యార్థీ ఇండిపెండెంట్ స్టడీ చేయాలి. కార్ల్‌టన్‌లో దాన్ని ‘కాంప్స్’ అంటారు. స్వార్త్‌మోర్‌లో 1922 నుంచి ఆనర్స్ పద్ధతి ఉంది. బయటి యూనివర్సిటీల నుంచి వచ్చిన పరీక్షకులు రాతపరీక్ష, మౌఖికపరీక్ష పెడతారు. మిగతా చాలాచోట్ల థీసిస్ ఆనర్స్ కోరుకునేవాళ్లకే.

థీసిస్ చెడేది ఎక్కువగా అంశం పెద్దదవడం వల్ల. ‘భారత వ్యవసాయ సంక్షోభం’ అని మొదలుపెట్టినవాళ్లు డిసెంబరుకు ఇంకా పుస్తకాలు చదువుతూనే ఉంటారు. ‘ఒక జిల్లా, ఒక పంట, పదేళ్ల ధరలు’ అన్నవాళ్లు అప్పటికి రెండు అధ్యాయాలు రాసేస్తారు. డేటా ఎక్కడ దొరుకుతుందో మూడో ఏడాది వేసవిలోనే చూసుకోవాలి. మనుషులను ఇంటర్వ్యూ చేసే పనైతే కాలేజీ ఎథిక్స్ బోర్డు అనుమతి కావాలి, దానికి కొన్ని వారాలు పడుతుంది.

ఒక కోర్సు తేడా కొడుతోంది. వదిలేయొచ్చా?

మొదటి రెండు వారాల్లో వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏ గుర్తూ ఉండదు. ఆ తరవాత కొన్ని వారాల దాకా ‘డబ్ల్యూ’ పడుతుంది. ఒక్క డబ్ల్యూ వల్ల కొంప మునగదు, డీ గ్రేడు కన్నా అది నయం. మన సప్లిమెంటరీ లాంటిది అక్కడ లేదు. తప్పితే కోర్సు మళ్లీ మొదటి నుంచి చదవాలి, పాత గ్రేడు చాలాచోట్ల రికార్డులో నిలిచిపోతుంది.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లాలి, తరవాతే రిజిస్ట్రార్ దగ్గరికి. సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలన్నది నియమం. నాలుగేసి క్రెడిట్ల నాలుగు కోర్సుల్లో ఒకటి వదిలితే సరిగ్గా 12. రెండోది కూడా వదిలితే స్టేటస్ పోతుంది. అనారోగ్యం లాంటి కారణాలకు ముందస్తు అనుమతితో తగ్గించుకోవచ్చు, కానీ ఆ అనుమతి వదిలేయక ముందే చేతిలో ఉండాలి.

చదువయ్యాక ఉద్యోగానికి మేజర్ అడ్డమొస్తుందా?

రావొచ్చు, చాలామంది ఇది ఆఖరి ఏడాదిలో తెలుసుకుంటారు. ఎఫ్-1 విద్యార్థులకు డిగ్రీ తరవాత 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్న మేజర్‌కు మరో 24 నెలలు. స్టెమ్ అవునా కాదా అన్నది మేజర్‌కు కాలేజీ ఇచ్చిన సిప్ కోడ్ (సబ్జెక్టుల ప్రభుత్వ వర్గీకరణ సంఖ్య) తేలుస్తుంది, పేరు కాదు. ఎకనామిక్స్‌కు 45.0601 అన్న కోడ్ ఉంటే స్టెమ్ కాదు, ఎకనమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ 45.0603 అయితే స్టెమ్. రెండు కాలేజీల్లో అవే పాఠాలు చదివి ఒకరు ఏడాదికి, ఇంకొకరు మూడేళ్లకు అర్హులవుతారు. మేజర్ ప్రకటించక ముందే కోడ్ అడగండి.

డబుల్ మేజర్‌కు మినహాయింపు అన్నది ఇక్కడే. రెండో మేజర్ స్టెమ్ అయి, కాలేజీ ఇచ్చే వీసా పత్రం ఐ-20 మీద రెండూ నమోదై ఉంటే దాని ఆధారంగా పొడిగింపు అడగొచ్చు. మైనర్‌కు (తక్కువ కోర్సులతో చేసే రెండో సబ్జెక్టుకు) ఆ వీలు లేదు. ఓపీటీ దరఖాస్తు చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తరవాత దాకా. ఈ నియమాలు మారుతుంటాయి, కాబట్టి ఆఖరి ఏడాది మొదట్లో ఒకసారి సరిచూసుకోండి. హెచ్-4 (హెచ్-1బీ తల్లిదండ్రుల మీద ఆధారపడిన) వీసా మీద ఉన్న పిల్లలకు ఓపీటీ లేదు, 21 నిండేలోగా ఎఫ్-1కు మారడం గురించి లాయరుతో మాట్లాడాలి.

ఇంటర్ మార్కులకు క్రెడిట్లు ఇస్తారా?

దాదాపు ఇవ్వరు. ఎంపీసీ పిల్లలకు ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి కాలిక్యులస్ మొదటి కోర్సు దాటిస్తారు, అయినా 32 లెక్క తగ్గదు. అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షలు పది రాసిన పిల్లలకూ ఆమ్‌హెర్స్ట్, విలియమ్స్‌లలో ఇదే పరిస్థితి. మూడేళ్లలో ముగించి డబ్బు మిగుల్చుకుందామనే లెక్క ఇక్కడ కుదరదు.

ఫీజు సంగతి?

పేరున్న కాలేజీల్లో హాస్టలుతో సహా ఏడాదికి 80 వేల డాలర్లు దాటడం మామూలే. ఆర్థికసాయం కుటుంబ ఆదాయం చూసి ఇస్తారు. ఆమ్‌హెర్స్ట్, బోడిన్ లాంటి కొన్ని విదేశీ విద్యార్థుల ఎంపికలో కూడా డబ్బు స్తోమత చూడవు, మిగతావి చూస్తాయి. కెంటకీలోని బెరియాలో ట్యూషన్ ఫీజే లేదు. దానికి బదులు ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు కాలేజీలో పని చేయాలి.

ఈ డిగ్రీ ఇండియాలో చెల్లుతుందా?

గుర్తింపు పొందిన అమెరికా కాలేజీ నాలుగేళ్ల డిగ్రీకి ఈక్వివలెన్స్ (మన డిగ్రీకి సమానమన్న ధ్రువీకరణ) తీసుకోవచ్చు. ఇన్నాళ్లూ అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ ఇస్తూ వచ్చింది, 2025లో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. సివిల్స్‌కో గ్రూప్స్‌కో వెళ్లే ఆలోచన ఉంటే పట్టా, సీల్డ్ ట్రాన్‌స్క్రిప్ట్ నాలుగేసి కాపీలు అక్కడి నుంచి బయల్దేరక ముందే తీసుకోండి.

ఏ కాలేజీ చదువు మాకు సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి?

బ్రోషర్ పక్కన పెట్టి కోర్సుల పట్టిక తెరవండి. కేటలాగు కాదు, నిజంగా నడిచిన కోర్సుల సెమిస్టర్ పట్టిక. చాలా కాలేజీల రిజిస్ట్రార్ పేజీలో అది దొరుకుతుంది. గత నాలుగు సెమిస్టర్లకు మీ సబ్జెక్టులో పై స్థాయి కోర్సులు ఎన్ని నడిచాయో లెక్కపెట్టండి. నాలుగు సెమిస్టర్లలో కలిపి ఆరు లోపే ఉంటే ఆ మేజర్ పలచగా ఉన్నట్టు. ఇంట్రో క్లాసులో ఎంతమందో చూడండి. డిపార్ట్‌మెంట్ పేజీలో ఎందరు పర్మనెంట్ ప్రొఫెసర్లు, ఎందరు ‘విజిటింగ్’ అన్నది చూడండి. విజిటింగ్ వాళ్లు ఏడాది రెండేళ్లలో వెళ్లిపోతారు, మీ థీసిస్ నాటికి ఉండరు.

సీటు వచ్చాక డిపార్ట్‌మెంట్ అధిపతికి చిన్న ఈమెయిల్ రాయండి. మూడు ప్రశ్నలు చాలు: వచ్చే రెండేళ్లలో ఎవరు సెలవు మీద వెళ్తున్నారు, పోయినేడాది ఆఖరి సంవత్సరం పిల్లలు ఏ అంశాల మీద ప్రాజెక్టులు చేశారు, మేజర్ సిప్ కోడ్ ఎంత. తల్లిదండ్రులు కాదు, చేరబోయే విద్యార్థే రాయాలి. ఫలితాలు మార్చి చివరికల్లా వస్తాయి, జవాబు మే 1 లోగా చెప్పాలి. అందుకని ఏప్రిల్ మొదటి వారంలోనే రాయండి, ప్రొఫెసర్ల జవాబుకు వారం పది రోజులు పడుతుంది.